మాంచెస్టరులోని పాతస్టేషను

నేడు నేను మీకు ఒక రైలుస్టేషను చరిత్ర చెప్పబూనితిని. అది మన దేశములోనిది కాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున మాంచెస్టరు పట్టణములో, లివర్పూలు రోడ్డు అను వీథి ప్రక్కన నున్నది. 1830వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన దానిని తెఱచిరి. 1844వ సంవత్సరము మే 4వ తేదీతో అచ్చట ప్రయాణికులు బండి యెక్కుటయు దిగుటయు నిలిచిపోయెను. అనగా మనుష్యులకు స్టేషనుగా అది పనిచేసినది పదునాలుగేండ్లయినను నిండలేదు. అయినను రైలుదారి తుదిని కట్టిన స్టేషనులలో, లోకమున నేటివరకు నిలిచియున్నవానిలో, దీనికంటె పాతది లేదు.

మాంచెస్టరు పేరు మన పెద్దలకు క్రొత్తది కాదు. మన తాతలు సంతలలో కొనిన సీమగుడ్డలో మిక్కిలి భాగము ఆ పట్టణము చుట్టుప్రక్కల మిల్లులలో నేసినదే. కావున ఈ కథలో మనకును కొంత పాలున్నది. ఆ సంగతి యథావకాశముగ మనవిచేసెదను.

మాంచెస్టరునకు పడమట సుమారు ముప్పదిమైళ్ల దూరమున లివర్పూలు రేవు కలదు. అమెరికానుండి ప్రత్తి ఓడలమీద ఆ రేవునకు వచ్చును. అచ్చటినుండి మాంచెస్టరు మిల్లులకు చేరవలెను. నేసిన గుడ్డ మరల ఆ రేవునకే పోవలెను. ఈ రాకపోకలన్నియు కాలువలమీదను, ఏటిమీదను పడవలతో జరుగుచుండెను. మన గోదావరి కృష్ణా కాలువలమీద పడవప్రయాణము చేసిన పెద్దలకు దానిలోని సుఖమును తెలియును, ఆలస్యమును తెలియును. వేసవిలో నీరు చాలదు. చలికాలమున ఆ దేశములో కాలువ గడ్డకట్టును. కాలువలవారు కిరాయి తమ యిష్టము వచ్చినట్లు నిర్ణయించుచుండిరి. సముద్రము దాటి అమెరికానుండి వచ్చుటకంటె లివర్పూలునుండి మాంచెస్టరు చేరుటకే సరకునకు కొన్ని సమయములలో ఎక్కువదినములు పట్టుచున్నవని వర్తకులు మొఱపెట్టుకొనిరి. వర్తకులమాట కావున కొంత తగ్గించుకొని వినవలెనేమో గాని, మూలమున సత్యము లేకపోలేదు.

ఆ వర్తకులే కూడి ఇనుపదారి వేయుటకు ఒక కంపెనీ పెట్టిరి. జార్జి స్టీఫెన్సను అను ఇంజనీరును పిలిపించిరి. ఈయన బొగ్గుగనుల దగ్గఱ పుట్టి పెరిగి, వయసు వచ్చిన తరువాతనే అక్షరములు నేర్చుకొని, యంత్రముల మర్మము చేతిపనివలన గ్రహించినవాడు. భూస్వాములును కాలువల యజమానులును ఆయనకు అడ్డుపడిరి. కొలతలు వేయవచ్చినవారిని కావలివాండ్రచేత తఱిమించిరి. 1825లో పార్లమెంటు ముందర విచారణ జరిగినపుడు ప్రతిపక్షపు వకీళ్లు స్టీఫెన్సనును ప్రశ్నలతో ముంచివేసిరి. ఆయన మాటతీరు పల్లెటూరిది, లెక్కలలో తప్పులును దొరకినవి, బిల్లు పోయినది. మరుచటి సంవత్సరము, అనగా 1826లో, మఱియొక కొలతతో వచ్చి నెగ్గించుకొనిరి.

దారిలో చాట్ మాస్ అను గొప్ప బురదనేల యున్నది. ఇనుపదారి దానిమీదుగా నాలుగుమైళ్లకు పైగా పోవలెను. మనిషి నిలిచిన దిగబడునట్టి నేల. ఎంత మన్ను పోసినను మ్రింగివేయుచుండెను. స్టీఫెన్సను చేసిన ఉపాయము మన రైతులకు తెలిసినదే. వానకాలమున బండి దిగబడు చోట మనవారు కంపలును తాటిమట్టలును పఱచి బండిని దాటింతురు గదా! ఆయనయు కొమ్మలతోను తుప్పలతోను తడికలు అల్లించి, పొరలుపొరలుగా పఱపించి, వానిమీద దారిని తేలించెను. నేటికిని రైళ్లు ఆ నేలమీదుగనే పోవుచున్నవి.

బండ్లను దేనితో లాగింపవలెనను ప్రశ్న చివరివరకు తేలలేదు. గుఱ్ఱములా? అక్కడక్కడ నిలిపిన యంత్రములకు త్రాళ్లు కట్టి లాగించుటయా? తనంత తాను పరుగెత్తు ఆవిరియంత్రమా? 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ అనుచోట అయిదువందల పౌనుల బహుమానముతో పందెము పెట్టిరి. స్టీఫెన్సనును ఆయన కుమారుడు రాబర్టును చేయించిన రాకెట్టు అను యంత్రము నెగ్గినది. తక్కినవి దారిలో చెడిపోయినవి. గుఱ్ఱము త్రొక్కగా కదలునట్టి యంత్రముకూడ ఒకటి పందెమునకు వచ్చినదని చదివినపుడు నాకు నవ్వు వచ్చినది.

ఇంక స్టేషను సంగతి. దారిని మొదట ఇర్వెల్ అను ఏటికి ఆవలి యొడ్డుననే ఆపవలెనని తలచిరి. తరువాత మనసు మార్చుకొని, ఏటిమీద రాతివంతెన కట్టి, మాంచెస్టరు ఒడ్డునకు తెచ్చిరి. వంతెన ఎత్తుగా నుండవలెను గనుక ఇనుపదారియు ఎత్తుమీదనే పట్టణములోనికి వచ్చినది. వీథి క్రింద, దారి మీద. కావున స్టేషనును మేడగా కట్టవలసివచ్చెను. ప్రయాణికుడు వీథినుండి లోనికి పోయి, టిక్కెట్టు తీసికొని, లోపలి మెట్లమీదుగా మేడకెక్కి, అచ్చట బండి యెక్కవలెను. అంతకుముందు రైలుస్టేషను అనునది ఎట్లుండవలెనో చూపుటకు లోకములో తగిన మాదిరి లేదు. గుఱ్ఱపుబండ్ల సత్రములు వారెఱుగుదురు, పెద్దమనుష్యుల యిండ్లు ఎఱుగుదురు. ఆ రెంటిని కలిపినట్లుగా ఈ కట్టడము కనబడును. దూరమునుండి చూచినవాడు దానిని ఒక షావుకారు ఇల్లనుకొనునే గాని స్టేషననుకొనడు.

ఆ ముఖభాగమున రెండు వేర్వేఱు ద్వారములున్నవి. ఒకటి మొదటితరగతివారికి, ఒకటి రెండవతరగతివారికి. టిక్కెట్టిచ్చు గదులు రెండు, మెట్లు రెండు. ధనవంతుడును సామాన్యుడును ఒకే బండిదండలో పోవుదురు గాని, వీథినుండి బండివఱకు ఒకరి నొకరు తాకకుండ ఏర్పాటు చేసినారు. మూడవతరగతి మొదట లేనేలేదు. బీదవాడు రైలెక్కుననియే వారు తలంపలేదు కాబోలు. మొదటితరగతి బండ్లు మూడు గుఱ్ఱపుబండ్ల గూళ్లను ఒకదానికొకటి అతికించినట్లుండి, గుఱ్ఱపుబండ్లకువలెనే పేర్లు కలిగియుండెను. రెండవతరగతి బండ్లకు ప్రక్కలు లేవు. గాలియు వానయు నిప్పురవ్వలును అందలి ప్రయాణికుని పాలు. అంటరానితనమును గూర్చి మనలను తప్పుపట్టిన దొరల దేశములోను ద్వారములు వేఱుగా నుండెనని చెప్పుటవలన మన తప్పు ఒప్పగునని నా భావము కాదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుచున్నాను.

బుకింగు ఆఫీసు అని మనము నేటికిని వాడు మాట గుఱ్ఱపుబండ్ల కాలమునుండి వచ్చినది. పయనమగువాని పేరును గుమాస్తా పుస్తకములో వ్రాసికొనుచుండెను గావున ఆ పేరు. రైలువారును మొదట ఆ పద్ధతినే అనుసరించి, చీటీలు చేతితో వ్రాసి యిచ్చుచుండిరి. బిరుసైన అట్టటిక్కెట్టు తరువాతి కాలపుది.

తెఱచిన దినమున జరిగిన సంగతులు శుభముగా లేవు. అప్పటి ప్రధానమంత్రి వెల్లింగ్టను ప్రభువు ప్రధానాతిథి. శ్రీరంగపట్టణమున టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధములో సేన నడిపిన ఆర్థరు వెల్లెస్లీ యనునాతడే ఈయన. ఎనిమిది బండిదండలు లివర్పూలునుండి బయలుదేరినవి. నడుమ పార్క్‌సైడు అనుచోట యంత్రములు నీరు త్రాగుటకు నిలిచినవి. లివర్పూలు తరఫున పార్లమెంటు సభ్యుడైన విలియం హస్కిసను అంతకు రెండేండ్లముందు ప్రభువుతో పొసగక మంత్రిపదవి మానినవాడు. మనసు కలుపుకొనుటకు ఇది సమయమని దిగి, ప్రభువు బండి దగ్గఱకు పోయెను. ఇంతలో రెండవదారిమీద రాకెట్టు వచ్చుచుండెను. తక్కినవారు తప్పుకొనిరి. హస్కిసను తడబడి తెఱచిన తలుపు పట్టుకొని వ్రేలాడెను. యంత్రము తలుపును కొట్టగా దారిమీద పడెను; కాలు నలిగిపోయెను. స్టీఫెన్సను తానే మఱియొక యంత్రమును నడిపి, ఆయనను ఎక్లెస్ అను గ్రామమునకు కొనిపోయెను. ఆనాటి రాత్రియే ఆయన మరణించెను. అంతవేగముగ మనుష్యుని కొనిపోవుట అదివఱకు ఎవ్వరును ఎఱుగరు. ఆ వేగమే చంపినది, ఆ వేగమే వైద్యునియొద్దకు చేర్చినది.

మాంచెస్టరులో ప్రభువునకు జయజయధ్వానములు రాలేదు. గుంపులు గుంపులుగా జనులు చేరి కేకలు వేసిరి. అంత పెద్ద పట్టణమునకు పార్లమెంటులో ఒక్క ప్రతినిధియు లేని కాలమది. 1819 ఆగస్టులో, వోటుహక్కు కోరి మైదానములో చేరిన జనముమీదికి గుఱ్ఱపుదళమును పంపగా మనుష్యులు చచ్చినది ఆ పట్టణములోనే. ప్రభువు బండినుండి దిగనేలేదు.

ఫానీ కెంబిల్ అను ప్రసిద్ధనటి ఆ దినమున ఆ బండ్లలో ప్రయాణము చేసినది. తాను చూచినదానిని ఆమె వ్రాసియుంచినది. కోపముతోనున్న గుంపుల నడుమ, గుంపుకంటె ఎత్తున ఒక మగ్గము నిలిపి, చిరిగిన బట్టలతో, ఆకలిచే చిక్కిపోయిన ఒక నేతగానిని దానివద్ద కూర్చుండబెట్టిరట. మంత్రులును ప్రభువులును ఆ మగ్గము ప్రక్కగా పోయిరి. స్టేషను చరిత్రలన్నిటిలో నాకు మఱవరానిది ఆ మగ్గము. ఆవిరిమగ్గములు వచ్చి ఆ ప్రాంతపు చేనేతవారి నోటికూడు పడగొట్టిన దినములవి.

ఆ మగ్గము మాట విన్నపుడు మనకు బందరును, చీరాలయు, పెడనయు, మంగళగిరియు జ్ఞప్తికి రాకమానవు. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణపు రేవునుండి అద్దకపు గుడ్డలును కలంకారీలును ఐరోపాకు పోవుచుండెను. ఇంగ్లండు స్త్రీలు వానిని కోరి ధరించిరి. అచ్చటి ఉన్నినేతవారును పట్టునేతవారును గోలపెట్టగా, మన అద్దకపు గుడ్డను దిగుమతి చేసి వాడగూడదని 1700లో ఒక చట్టము, అద్దకపు నూలుగుడ్డ కట్టనేగూడదని 1721లో మఱియొక చట్టము చేసిరి. ఆ అడ్డుగోడ చాటున వారి నూలుపరిశ్రమ పెరిగినది. తరువాత యంత్రములు వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దమున గుడ్డ వచ్చుదారి తలక్రిందులై, మాంచెస్టరునుండి మన రేవులకే వచ్చినది. ఆ గుడ్డమూటలలో ఎన్నియో ఈ లివర్పూలు రోడ్డు గిడ్డంగులనుండి బండ్లెక్కినవే గదా! మగ్గముతో దారిప్రక్కన కూర్చున్న ఆ నేతగానికి మన పద్మశాలీని గూర్చి తెలియదు. మన పద్మశాలీకి అతనిని గూర్చి తెలియదు. ఇరువురి కూడును ఒకే యంత్రము తీసినది.

ప్రత్తి మాటయు చెప్పవలెను. లివర్పూలులో దిగిన ప్రత్తి చాలవఱకు అమెరికా దక్షిణరాష్ట్రములలో నీగ్రోబానిసలచే పండింపబడినది. 1861లో అచ్చట అంతర్యుద్ధము పుట్టి ప్రత్తి రాక నిలిచినపుడు మాంచెస్టరు మిల్లులు మూతపడినవి. కూలివాండ్రు పస్తులుండిరి. అట్లుండియు 1862 డిసెంబరు తుదిదినమున ఆ పట్టణపు కార్మికులు సభచేసి, బానిసత్వమును తీసివేయుచున్న లింకనునకు తమ మద్దతు తెలుపుచు జాబు వ్రాసిరి. లింకను వారికి ప్రత్యుత్తరమిచ్చెను. మాంచెస్టరులో ఆయన విగ్రహము నేటికిని కలదు. ఆ యుద్ధకాలముననే మిల్లుయజమానుల దృష్టి మన దేశపు ప్రత్తిమీద బడినది. మన నల్లరేగడి చేలలో ప్రత్తి ధర పెరిగి, యుద్ధము ముగియగానే కూలిపోయినది.

సరకులకొఱకు వేసిన దారిమీద కంపెనీవారు తలచినదానికంటె మనుష్యులే ఎక్కువగా వచ్చిరి. 1831లో నాలుగులక్షలకు పైగా ప్రయాణికులు పోయిరి. గుఱ్ఱపుబండిమీద నాలుగుగంటలకు పైబడు ప్రయాణము రెండుగంటలలో ముగియుచుండగా ఎవరు మానుదురు? ఆ రెండు పట్టణముల నడుమ గుఱ్ఱపుబండ్లు దాదాపుగా నిలిచిపోయినవి. దారి తెఱచిన రెండునెలలకే, 1830 నవంబరు 11వ తేదీన, టపాసంచులనుకూడ రైలుమీద పంపసాగిరి.

స్టేషనునకు ఎదురుగా, దారికి ఆవలిప్రక్క, ఒక గిడ్డంగి కలదు. దానిని 1830లో సుమారు అయిదునెలలలో కట్టి ముగించిరి. వెలుపల ఇటుకగోడలు, లోపల లావైన దూలములును కఱ్ఱస్తంభములును. రైలుబండ్లను ఒక్కొక్కటిగా తిరుగుడుచట్రముమీద త్రిప్పి నేరుగా మేడలోనికి త్రోయుచుండిరి. మూటలు లోపలనే పైకి లాగబడును, లేదా క్రింది వీథిలో నిలిచిన గుఱ్ఱపుబండ్లలోనికి దింపబడును. ప్రత్తి తడియదు, దొంగలకు దొరకదు. కాలువయొడ్డు గిడ్డంగులలో పడవ లోనికి వచ్చు పద్ధతినే ఇచ్చట రైలుబండికి అన్వయించినారు. రైలువారు కాలువవారిని ఓడించినది కాలువవారి విద్యతోనే.

ఈ సందర్భమున మనకు కాటన్ దొర తలపునకు వచ్చును. 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట ముగించిన ఆ మహానుభావుడు, భారతదేశమునకు రైళ్లకంటె పడవకాలువలే చవుక యనియు మేలనియు జీవితాంతము వాదించినాడు. ఆయన ఓడిపోయినాడు. ఏలనగా కాలువ పొలమునకు నీరిచ్చును, సరకును మోయును గాని, రైలువలె పరుగెత్తలేదు. సీమ వర్తకులకు వేగము కావలెను. నాకు మాత్రము ఆ వాదములో కాటన్ పక్షమునను కొంత న్యాయము కనబడుచున్నది.

స్టేషను ముఖభాగమున ఒక నీడగడియారము అమర్చియున్నది. దానిని చూచి నవ్వవలదు. ఆ కాలమున ప్రతియూరికిని తన సూర్యుడే గడియారము. మాంచెస్టరు మధ్యాహ్నము లండను మధ్యాహ్నమునకు తొమ్మిది నిమిషములు వెనుక. గుఱ్ఱపుబండికి ఆ భేదముతో పనిలేదు. రైళ్లు బహుళమైన కొలది, ఊరికొక కాలముండిన బండ్లు ఢీకొనునని తెలిసినది. 1840నుండి రైలుకంపెనీలు ఒక్కొక్కటిగా లండను కాలమునకు మాఱినవి. చట్టము మాత్రము 1880లో గాని రాలేదు. మన దేశములోను రైళ్లు చాలకాలము మద్రాసు కాలమును అనుసరించి, 1906లో ఇప్పటి భారతకాలమునకు వచ్చినవి.

మఱి స్టేషను ఏల మూతపడెను? పాడైనందున కాదు, చాలనందున. దేశమంతటను దారులు పెరిగినవి. తూర్పునుండి లీడ్సు దారి వచ్చినది. అటునుండి వచ్చువాడు లివర్పూలు పోవలెనన్న ఊరికి అడ్డముగా నడచిపోయి ఈ స్టేషనులో బండి యెక్కవలసియుండెను. ఆ కష్టము తీర్చుటకు 1844లో దారులను కలిపి, విక్టోరియా అను పెద్ద స్టేషనును తెఱచిరి. ప్రయాణికులు అటు పోయిరి. పాతస్టేషను సరకులకు మాత్రము మిగిలినది. ఆ పని ఒకటి రెండేండ్లు గాదు, నూటముప్పదియొక్క సంవత్సరములు సాగినది. మొదటితరగతి గదులలో గుమాస్తాలు మూటల లెక్కలు వ్రాసికొనిరి. కట్టడము నిలుచుటకు కారణమిదియే యని నా యభిప్రాయము. ప్రయాణికుల స్టేషనుగా సాగియుండిన, దానిని పడగొట్టి పెద్దది కట్టియుందురు. లివర్పూలులో ఈ దారి రెండవకొన యైన క్రౌన్ స్ట్రీటు స్టేషను గతి చూడుడు. 1836లోనే ప్రయాణికులను వేఱు స్టేషనునకు మార్చిరి. నేడు కట్టడము లేదు, ఆ చోట పచ్చికతోట యున్నది.

1975లో సరకులును నిలిచినవి. కప్పులు కారినవి, గోడలు బీటలువారినవి. చరిత్రాభిమానులు పట్టుపట్టగా, రైల్వేవారు స్టేషనును ఒక్క పౌనునకు అచ్చటి ప్రాంతీయ ప్రభుత్వమునకు అమ్మివేసిరి. ఒక్క పౌను అన్నది చూడుటకు దానమువలె నున్నను, మరమ్మతుల వ్యయము చూచినవానికి అది దానము కాదు, బాధ్యత బదలీ. 1983 సెప్టెంబరు 15వ తేదీన, దారి తెఱచిన తిథినాడే, అచ్చట శాస్త్రపరిశ్రమల ప్రదర్శనశాల తెఱచిరి. స్టేషనును గిడ్డంగియు దానిలో భాగములై యున్నవి.

2017లో మఱియొక వివాదము నడచినది. పట్టణములోని రెండు పెద్ద స్టేషనులను కలుపుటకు ఏటిమీద క్రొత్త వంతెనతో చిన్న రైలుదారి వేసిరి. ఆ దారి పాతస్టేషనునకు వచ్చు పట్టాలను అడ్డముగా కోసినది. కట్టడములను కాపాడువారు ఎదిరించిరి, న్యాయస్థానములవఱకు పోయిరి, నెగ్గలేదు. ప్రయాణికుల సౌకర్యము అను మాటముందు 1844లో ఆ స్టేషను ఒకమారు ఓడినది, 2017లో మరల ఓడినది. మనకును ఇట్టిది లేకపోలేదు. రాజమహేంద్రవరమున గోదావరిపై 1900లో తెఱచిన హేవలాకు వంతెనమీద 1997 తరువాత బండ్లు నడువలేదు. స్తంభములు నేటికిని ఏటిలో నిలిచియున్నవి. దక్షిణదేశమున మొదటి ప్రయాణికుల దారికి 1856లో తెఱచిన మద్రాసు రాయపురము స్టేషను మాత్రము అదృష్టవంతురాలు. దాని పాతకట్టడము నిలిచియుండుటయే గాక, స్థానిక బండ్లు అచ్చట ఇప్పటికిని ఆగుచున్నవి. మాంచెస్టరు పాతస్టేషనులోనికి 1830 నాటి వంతెనమీదుగా ఇంక ఏ బండియు రాజాలదు.